కందెన గిన్నె: ఎలైజా మెకాయ్ జీవితము

పల్నాటి సీమలో నాపరాళ్లకు కొదువ లేదు. మాచర్ల ప్రాంతపు గనులనుండి ఆ రాళ్లను పూర్వము ఎడ్లబండ్లమీద దూరగ్రామములకు తోలుకొనిపోవుచుండిరి. బండి కదలుటకు ముందు బండివాడు తప్పక చేయు పని యొకటి యుండెను. అతడు ఇరుసు చీలను ఊడదీసి, చక్రమును కొంచెము వెలుపలికి లాగి, బండిక్రింద వ్రేలాడుచున్న గొట్టమునుండి నల్లని కందెనను తీసి ఇరుసునకు దట్టముగా పూయుచుండెను. ఆముదములో మసి కలిపి చేసిన ఆ కందెన లేకున్నచో ఇరుసు కిఱ్ఱుమని మొఱపెట్టును, చక్రము బరువెక్కును, ఎడ్లు అలసిపోవును, తుదకు ఇరుసే అరిగి చెడును. దారిలో కందెన ఆరిపోయినచో బండిని నిలిపి మరల పూయవలసినదే. నడచుచున్న బండికి కందెన పూయుట యెవ్వరి తరమును కాదు.

ఎడ్లబండికి గల యీ చిక్కే ఒకప్పుడు రైలుబండికిని కలిగెను. వందలకొలది మనుష్యులను, వేలకొలది బస్తాల సరకును లాగుకొని పోవు ఆవిరియంత్రము సయితము నూనెకొఱకు మాటిమాటికి ఆగవలసివచ్చుచుండెను. ఆ చిక్కును విడదీయుటకు పాటుపడినవారిలో ముఖ్యుడు ఒక రైలు కంపెనీలో బొగ్గు ఎగదోయుచు, నూనె పోయుచు పొట్టపోసికొనిన శ్రమజీవి. అతని తల్లిదండ్రులు బానిసత్వమునుండి తప్పించుకొని వచ్చినవారు. అతని పేరు ఎలైజా మెకాయ్.

పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున అమెరికా సంయుక్తరాష్ట్రములలోని దక్షిణ భాగమందు బానిసత్వము చట్టసమ్మతమైయుండెను. ఆఫ్రికానుండి తేబడిన నల్లజాతివారిని, వారి సంతతిని పశువులవలె కొనుచు, అమ్ముచు, ప్రత్తి తోటలలోను, పొగాకు తోటలలోను పనిచేయించుచుండిరి. బానిసకు పుట్టిన బిడ్డయు బానిసయే. తల్లినొక చోటికి, బిడ్డనొక చోటికి అమ్మివేసినను అడుగువాడు లేడు. బానిస పారిపోయినచో వెంబడించి పట్టుకొని యజమాని కప్పగింపవచ్చునని చట్టమే చెప్పుచుండెను.

ఎలైజా తల్లిదండ్రులైన జార్జి, మిల్డ్రెడ్ అనువారలు కెంటకీ రాష్ట్రమున బానిసలు. ఆ రాష్ట్రమునకు ఉత్తరమున ఒహాయో నది ప్రవహించుచున్నది. నదికి ఆవలి రాష్ట్రములలో బానిసత్వము లేదు. అయినను పట్టి తెచ్చువారి భయ మచ్చటను ఉండెను. నిర్భయముగా బ్రతుకవలెనన్నచో ఇంకను ఉత్తరముగా పోయి, బ్రిటిషువారి యేలుబడిలోనున్న కెనడా దేశమును చేరవలెను. బ్రిటిషు సామ్రాజ్యమున బానిసత్వమును తొలగించు చట్టము 1834 లో అమలులోనికి వచ్చెను. పారిపోయి వచ్చు బానిసలకు పగలు తమ ఇండ్లలో దాగుటకు చోటిచ్చి, రాత్రివేళ తరువాతి మజిలీకి దారిచూపు దయాళువులు ఆ మార్గమున పలుచోట్ల నుండిరి. వారిలో నల్లవారును ఉండిరి, తెల్లవారును ఉండిరి. పట్టాలు లేని ఆ రహస్యమార్గమునకు జనులు భూగర్భ రైలుమార్గమని పేరిడిరి. ఆ దారినే జార్జి, మిల్డ్రెడ్ దంపతులు కెనడా చేరిరి. పేరునకు మాత్రమే రైలైన మార్గమున స్వేచ్ఛను పొందిన యీ దంపతుల కుమారుడు నిజమైన రైలుబండ్లకు మేలుచేసినవాడగుట విశేషము.

ఎలైజా 1844 లో కెనడాలోని ఆంటారియో ప్రాంతమున కాల్చెస్టర్ అనుచోట జన్మించెను. అతని కనేకులు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు నుండిరి. పిమ్మట ఆ కుటుంబము సంయుక్తరాష్ట్రములకు మరలివచ్చి, బానిసత్వము లేని మిషిగన్ రాష్ట్రములో యిప్సిలాంటి అను పట్టణమున స్థిరపడెను. తండ్రి పొగాకు వ్యాపారముచేసి సంసారమును నడపుచుండెను.

ఎలైజాకు చిన్ననాటినుండి యంత్రములయందు ఆసక్తి మెండు. ఆ యాసక్తిని కనిపెట్టిన తల్లిదండ్రులు అతనిని ఇంజనీరును చేయ సంకల్పించిరి. కాని నల్లజాతి బాలునికి ఆ విద్య నేర్పువారు ఆనాటి అమెరికాలో దొరకుట దుర్లభము. కాబట్టి వారు ఎంతయో వ్యయప్రయాసలకోర్చి, పదునైదేండ్ల కుమారుని అట్లాంటిక్ మహాసముద్రమునకు ఆవలనున్న స్కాట్లండు దేశమునకు పంపిరి. అక్షరములు నేర్చుటయే నేరముగా ఎంచబడిన బానిసల సంతతివాడు ఎడింబరో నగరమున యంత్రశాస్త్రమును అభ్యసించుటకు పూనెను. పనిముట్లు పట్టి పనిచేయుచు, శాస్త్రము చదువుచు కొన్ని సంవత్సరము లచ్చట గడపి, అతడు యంత్రశాస్త్రమున అర్హతపొందిన ఇంజనీరయ్యెను.

ఈ నడుమ అమెరికాలో 1861 మొదలు 1865 వఱకు అంతర్యుద్ధము జరిగెను. దాని పర్యవసానముగా 1865 డిసెంబరులో బానిసత్వము దేశమంతట రద్దుచేయబడెను. సంకెలలు తెగిపోయినవి, కాని మనుష్యుల మనస్సులలోని విభేదములు తెగిపోలేదు. చదువు ముగించి స్వస్థలమునకు వచ్చిన ఎలైజా ఇంజనీరు పనికొఱకు మిషిగన్ సెంట్రల్ రైల్వే వారి నాశ్రయించెను. అతని చేతిలో విద్య యుండెను. అతని చర్మము నల్లగా నుండెను. నల్లవానికి ఇంజనీరు పదవి ఇచ్చుట ఆనాటి ఆచారము కాదు. యంత్రములను రూపొందింప నేర్చినవానికి యంత్రపు పొయ్యిలోనికి బొగ్గు ఎగదోయు పనియు, నూనె పోయు పనియు మాత్రమే లభించెను.

ఇట్టి సందర్భమున పల్నాటి బాలబాలికలకు తమ సీమ చరిత్రము జ్ఞప్తికి రాక మానదు. పన్నెండవ శతాబ్దమున మాచర్ల రాజ్యమునకు మంత్రియైన బ్రహ్మనాయుడు కులభేదములను పాటింపక, అన్ని కులములవారిని ఒకే పంక్తిని కూర్చుండబెట్టి చాపకూడు పెట్టించెనని ప్రసిద్ధి. అంటరానివానిగా లోకము ఎంచిన కన్నమదాసునకు అతడు సేనానాయకత్వము నొసగెను. పుట్టుక నడుగక శక్తి నడిగిన నాయకు డున్నచోట కన్నమదాసు సేనాపతి యయ్యెను. చర్మపు రంగు నడిగి శక్తి నడుగని వారున్నచోట ఎలైజా మెకాయ్ బొగ్గు ఎగదోయువాడయ్యెను.

ఆ పని ఎంతటి కష్టమైనదో చెప్పవలసియున్నది. ఎదుట భగభగ మండు అగ్నిగుండము, చుట్టును పొగ, క్రింద అదరుచున్న ఇనుపపలక. పారతో బొగ్గును ఎడతెగక లోనికి విసరవలెను. బండి ఆగినంతనే నూనె డబ్బా చేతబట్టి క్రిందికి దిగి, కాలుచున్న యంత్రపు సందులలో చేయిపెట్టి, ఇరుసులకును, కీళ్లకును, సిలిండరులకును నూనె పోయవలెను. ఇంకొకడైనచో తనకు జరిగిన అన్యాయమును తలచుకొని క్రుంగిపోయి యుండును. లేదా విసిగి, పనిని ఏదో యొకరీతిగా ముగించి యుండును. ఎలైజా అట్లు చేయలేదు. నూనె డబ్బాతో యంత్రముచుట్టు తిరుగుచునే, తాను నేర్చిన శాస్త్రపు కంటితో దానిని పరిశీలింప నారంభించెను. ఎవ్వరును పట్టించుకొనని యీ నూనెపోయు పనియందే యంత్రలోకమునకు గొప్ప మేలుచేయగల రహస్యమున్నదని అతడు గ్రహించెను.

ఆ రహస్య మేమి? రెండు లోహపు తలములను కంటితో చూచినచో నున్నగా తోచును. సూక్ష్మదర్శినితో చూచినచో రెంటియందును మిట్టపల్లములు కనబడును. ఒకదానిపై నొకటి కదలునపుడు ఆ మిట్టలు ఒకదానినొకటి తాకి ఒరసికొనును. ఆ ఒరపిడివలన వేడిమి పుట్టును, లోహము అరిగిపోవును, బలములో కొంతభాగము వ్యర్థమగును. ఒరపిడి మితిమీరినచో లోహము కరగి రెండును అతుకుకొనిపోవుటయు కలదు. నడుమ నూనె యుండినచో అది పలుచని పొరగా ఏర్పడి రెండు తలములను విడదీయును. అప్పుడు లోహము లోహముమీద గాక నూనెమీద జారును. ఆ పొర తల వెండ్రుకకంటెను పలుచనిదైనను, అది యున్నంతవఱకే యంత్రమునకు ఆయుస్సు.

ఆవిరియంత్రమునకు మఱొక చిక్కును కలదు. ఆవిరి బలముచే పిస్టను సిలిండరులో ముందునకును వెనుకకును నిమిషమునకు ఎన్నియో మారులు పరుగెత్తును. సిలిండరు నిండ ఆవిరి ఒత్తిడి యుండుటచేత, యంత్రము పూర్తి బలముతో నడచుచుండగా దానిలోనికి నూనె పోయుట కష్టము. మూత తెరచినచో ఆవిరియే వెలుపలికి చిమ్మును. అందుచేత వేగము తగ్గించియో, బండి నిలిపియో నూనె పోయవలసియుండెను. పోసినంతనే నూనె మిక్కుటమగును. కొంత దూరము పోవునప్పటికి చాలకపోవును. బండి ఆగిన ప్రతిసారి కాలము వ్యర్థము, బొగ్గు వ్యర్థము. కర్మాగారములలోను నడచుచున్న యంత్రములయొద్దకు నూనె డబ్బాతో పోవువారు ప్రాణాపాయమునకు లోనగుచుండిరి.

ఎలైజా విరామవేళలలో తన యింట చిన్న పనిశాల నేర్పరచుకొని ఆలోచింప సాగెను. నూనెను అడ్డగించుచున్నది ఆవిరి ఒత్తిడియే గదా. ఆ ఆవిరిచేతనే నూనె పోయించినచో నేమి యని అతనికి తోచెను. ఈ ఊహయే అతని కీర్తికి మూలము. అతడు సిలిండరుమీద అమర్చుటకు తగిన నూనెగిన్నె నొకదానిని నిర్మించెను. గిన్నె అడుగున చిన్న కవాటము, ఆ కవాటమునకు తగిలించిన యొక కడ్డీ, కడ్డీ పైకొనను చిన్న పిస్టను ఉండును. ఆవిరి ఒక గొట్టముద్వారా వచ్చి ఆ చిన్న పిస్టనును నొక్కును. అప్పుడు కవాటము తెరచుకొని నూనె క్రిందికి దిగును. యంత్రము నడచుటకు ఆవిరి వచ్చినపుడే నూనెయు వచ్చును. ఆవిరి ఆగినపుడు నూనెయు ఆగును. మనిషి చేయి పెట్టనక్కరలేదు, బండి నిలుపనక్కరలేదు.

1872 జూలై నెలలో ఈ నూతన సాధనమునకు అమెరికా ప్రభుత్వము పేటెంటు నొసగెను. కందెన గిన్నెలను గూర్చి ఆలోచించినవాడు మెకాయ్ ఒక్కడే యనుట సత్యము కాదు. ఇంగ్లండులో జాన్ రామ్స్‌బాటమ్ అను ఇంజనీరు 1860 లోనే ఆవిరి సహాయమున పనిచేయు ఒక నూనెగిన్నెను నిర్మించియుండెను. కాని మెకాయ్ ఒక గిన్నెతో తృప్తిపడక, దాని లోపములను తానే వెదకి సవరించుచు, ఒకదానికంటె నొకటి మేలైన సాధనములను యాబదేండ్లపాటు నిర్మించుచునే యుండెను. అతని పేర మొత్తము 57 పేటెంట్లు కలవని లెక్కింతురు. వానిలో అధికభాగము కందెనకు సంబంధించినవే. బట్టలు ఇస్త్రీచేయుటకు మడత బల్ల, పచ్చికపై నీరు చల్లు సాధనము మున్నగునవియు అతని బుద్ధినుండి పుట్టినవే.

ఆ గిన్నెలు రైలుయంత్రములకు, కర్మాగారములకు, జలమార్గములలో తిరుగు పొగయోడలకు వ్యాపించెను. రైలుబండి ఆగినచో ప్రయాణికునికి ఆలస్యము మాత్రమే. నడిసముద్రమున తుపానులో ఓడ యంత్రము ఆగినచో ఓడకే ముప్పు. తెరచాప లేని ఓడకు యంత్రమే ప్రాణము. యంత్రమునకు నూనెయే ప్రాణము. కాబట్టి తనంతట తాను నూనె పోసికొను యంత్రము నావికులకు గొప్ప వరమయ్యెను.

మెకాయ్ జీవించియుండగనే సముద్రమున మఱొక మార్పు వచ్చెను. జర్మనీ దేశమున రుడాల్ఫ్ డీజిల్ అను ఇంజనీరు ఆవిరి అవసరము లేక, సిలిండరులోనే నూనెను మండించి నడపు యంత్రమును 1897 నాటికి సిద్ధపరచెను. 1912 లో డెన్మార్కు దేశమువారు డీజిల్ యంత్రములతో నడచు సెలాండియా అను ఓడను నిర్మించి, కోపెన్‌హాగెన్ నుండి బ్యాంకాక్ వఱకు పంపిరి. మహాసముద్రముల దాటిన పెద్ద డీజిల్ ఓడలలో అది మొదటిది. అటుపిమ్మట క్రమముగా సరకుల ఓడలలో చాలభాగము డీజిల్ యంత్రముల నవలంబించెను. మన విశాఖపట్టణపు నౌకానిర్మాణశాలలో తయారైన తొలి ఓడ జల ఉష 1948 మార్చి 14 వ తేదీన నీటిలోనికి దిగెను. తరువాత అచ్చట డీజిల్ ఓడలనేకములు నిర్మింపబడినవి.

పెద్ద ఓడలలోని డీజిల్ యంత్రము సామాన్యమైనది కాదు. 2006 లో ఎమ్మా మెర్స్క్ అను ఓడలో అమర్చిన యంత్రమునకు 14 సిలిండరులు. ఒక్కొక్క సిలిండరు వ్యాసము 96 సెంటీమీటర్లు. పిస్టను ఒక్కమారు నడచు దూరము రెండున్నర మీటర్లు. యంత్రపు ఎత్తు 13 మీటర్లకు మించును. బరువు సుమారు 2,300 టన్నులు. నాలుగంతస్తుల మేడ యంతటి యీ యంత్రము నిమిషమునకు నూటరెండు చుట్లు తిరుగుచు, రాత్రింబవళ్లు రోజులతరబడి ఆగక నడువవలెను. ఇట్టిదానికి కందెన యొసగు ఏర్పాటు మన దేహములోని రక్తప్రసారమును పోలియుండును.

యంత్రము క్రింద నూనెతొట్టి యొకటి యుండును. పంపు ఆ నూనెను పైకి తోడును. ఆ పంపు చెడినచో వెంటనే పనికి దిగుటకు మఱొక పంపు సిద్ధముగా నుండును. నూనె మొదట చల్లబరచు సాధనముగుండ పోయి తన వేడిమిని నీటికిచ్చివేయును. తరువాత జల్లెడలగుండ పోయి నలుసులను వదలుకొనును. పిమ్మట గొట్టములద్వారా బేరింగులకును, కీళ్లకును చేరి, వానినడుమ పలుచని పొరగా నిలిచి, పెక్కు యంత్రములలో పిస్టనుల లోపలి వేడిమినిగూడ కొనిపోయి, మరల తొట్టిలోనికి జారును. తొట్టిలోని నూనెలో కొంతభాగమును ఎప్పటికప్పుడు మిక్కిలి వేగముగా గిరగిర తిరుగు పాత్రలోనికి పంపుదురు. కవ్వము త్రిప్పగా వెన్న వేరుపడినట్లు, ఆ వడికి బరువైన నీరును మడ్డియు నూనెనుండి వేరుపడును. శుద్ధియైన నూనె తిరిగి తొట్టిని చేరును. ఏ కారణముచేతనైనను నూనె ఒత్తిడి తగ్గినచో గంట మ్రోగును. ఇంకను తగ్గినచో యంత్రము తనంతట తానే ఆగిపోవును. కందెన లేక ఒక్క నిమిషము నడచుటకంటె ఆగుటయే మేలని ఆ యంత్రమును నిర్మించినవారికి తెలియును.

సిలిండరులకు మాత్రము వేఱొక నూనె, వేఱొక ఏర్పాటు కలదు. సిలిండరు గోడచుట్టునున్న చిన్న రంధ్రములద్వారా ఆ నూనె కొలత ప్రకారము, సమయము తప్పక, కొంచెము కొంచెముగా లోనికి ప్రవేశించును. అది తన పనిచేసి అచ్చటనే మండిపోవును, తిరిగి రాదు. ఓడలు మండించు ఇంధనములోని గంధకమువలన పుట్టు ఆమ్లము సిలిండరు గోడలను తినివేయును. ఆ ఆమ్లమును విఱుచుటకు ఈ నూనెలో క్షారగుణము గల పదార్థములను కలుపుదురు. నూనె తక్కువైనచో గోడలు అరుగును. ఎక్కువైనచో ధనము వ్యర్థమగుటయే గాక మసి పేరుకొనును. ఈనాడు ఆ కొలతను విద్యుత్ సాధనములు నిర్ణయించుచున్నవి. మెకాయ్ చేసిన గిన్నె వేఱు, ఈ సాధనములు వేఱు. అయినను నడచుచున్న యంత్రమునకు, మనిషి చేయి తగులకుండ, వలసిన చోట వలసిన వేళ వలసినంత నూనె అందవలెనను నియమము రెంటికిని ఒక్కటే. ఆ నియమము కొఱకే అతడు తన జీవితమును ధారపోసెను.

ఇంతటి పనిచేసినవాడు ధనవంతుడు కాలేదు. సాధనమును కనిపెట్టుటకు బుద్ధి చాలును. దానిని వేలకొలదిగా తయారుచేయుటకు ధనము కావలెను. ఆ ధనము అతనియొద్ద లేదు. అందుచేత అతడు తన పేటెంట్ల హక్కులను పలుమారు ఇతరులకు అమ్ముకొనవలసివచ్చెను. అతని గిన్నెలు దేశమంతట పనిచేయుచుండగా వానిలో పెక్కింటిమీద అతని పేరే లేకుండెను. వేఱొకరి లాభముకొఱకు తల్లిదండ్రులు బానిసలుగా పనిచేసిరి. కుమారుని బుద్ధి ఫలమును చాలవఱకు ఇతరులకే పోయెను. అయినను అతడు పనిని మానలేదు.

మెకాయ్ మొదటి భార్య 1872 లో, ఆయనకు తొలి పేటెంటు లభించిన యేటనే, మరణించెను. మఱుసటి సంవత్సరమున ఆయన మేరీ ఎలినోరా డిలేనీ అనునామెను వివాహమాడెను. 1882 ప్రాంతమున ఆ దంపతులు డెట్రాయిట్ నగరమునకు వచ్చి నివసించిరి. అచ్చట ఆయన యంత్రముల విషయమున పలు కంపెనీలకు సలహాదారుగా నుండెను. ఒకనాడు నూనె డబ్బా మాత్రమే చేతికిచ్చిన లోకము ఇపుడు ఆయన సలహాకొఱకు వచ్చుచుండెను.

ఇరువదవ శతాబ్దము ఆరంభమున రైలుయంత్రములలో మఱొక మార్పు వచ్చెను. బొగ్గును పొదుపుచేయుటకై ఆవిరిని మరింత కాచి, మిక్కిలి వేడియైన పొడి ఆవిరితో యంత్రములను నడపసాగిరి. ఆ వేడిమికి మామూలు నూనె నిలువలేక మాడిపోవుచుండెను. పాత గిన్నెలు ఈ క్రొత్త యంత్రములకు చాలకపోయెను. అప్పటికి మెకాయ్ వయస్సు డెబ్బదికి చేరువయ్యెను. విశ్రాంతి తీసికొనదగిన ఆ వయస్సున ఆయన మరల పనిశాలకు పోయెను. పెన్సిలు ముల్లులో నుండు నల్లని పదార్థమైన గ్రాఫైటు ఎంతటి వేడిమికైనను జారుడుగుణమును సులభముగా కోల్పోదు. దాని పొడిని నూనెతో కలిపి సిలిండరులోనికి పంపినచో మేలని ఇంజనీరు లెఱుగుదురు. కాని ఆ పొడి గొట్టములలో అడ్డుపడి దారిని మూసివేయుచుండెను. పొడి అడ్డుపడక సమముగా ప్రవహించునట్టి సాధనమును మెకాయ్ రూపొందించి, 1915 లో పేటెంటు పొందెను. తన కృషిలో ఇదియే శ్రేష్ఠమైనదని ఆయన తలచెను.

1920 లో, డెబ్బదియారేండ్ల వయస్సున, ఆయన డెట్రాయిటులో తన పేరనే ఒక కంపెనీని స్థాపించెను. తన పేరు గల సాధనములను తానే తయారుచేయింపవలెనను చిరకాల వాంఛ అప్పటికి నెరవేరెను. కాని ఆ సంతోషము ఎంతోకాలము నిలువలేదు. 1922 లో ఆ దంపతులు మోటారుకారు ప్రమాదమునకు లోనైరి. ఆ గాయములవలన మేరీ కొంతకాలమునకు కన్నుమూసెను. మెకాయ్ ఆ దెబ్బనుండియు, ఆ దుఃఖమునుండియు పూర్తిగా కోలుకొనలేదు. ఆరోగ్యము, ధనము రెండును క్షీణించినవి. 1929 అక్టోబరు 10 వ తేదీన, మిషిగన్ రాష్ట్రమునందలి ఎలోయిస్ అనుచోట బీదలకును రోగులకును ఆశ్రయమిచ్చు వైద్యశాలలో ఆయన మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 85 సంవత్సరములు.

బ్రతికియుండగా చాలని గౌరవము మరణానంతరము లభించెను. 2001 లో అమెరికా దేశపు ప్రసిద్ధ ఆవిష్కర్తల పట్టికలో ఆయన పేరు చేర్చబడెను. 2012 లో అమెరికా పేటెంటు కార్యాలయము రాజధాని వెలుపల తన మొదటి శాఖను డెట్రాయిటులో నెలకొల్పి, దానికి ఎలైజా మెకాయ్ పేరిడెను. ఆంగ్లభాషలో అసలైన వస్తువును మెకాయ్ పేరుతో చెప్పు జాతీయమొకటి కలదు. ఆయన గిన్నెలు మేలైనవగుటచేత కొనువారు నకళ్లు వలదని, మెకాయ్ చేసినవే కావలెనని కోరెడివారనియు, అందుండియే ఆ పలుకుబడి పుట్టెననియు కథ యొకటి ప్రచారమందున్నది. అటువంటి పలుకుబడి స్కాట్లండులో ఆయన పేటెంటుకు పూర్వమే వినబడుచుండెను గనుక ఆ కథను చరిత్రముగా గ్రహింపరాదు. ఆయన గొప్పతనమునకు ఆ కథ అవసరమును లేదు.

గుంటూరునుండి నరసరావుపేట మీదుగాను, నడికుడి మీదుగా మాచర్లకును పోవు రైలుమార్గములలో ఒకప్పుడు ఆవిరియంత్రములు పొగలు క్రక్కుచు తిరిగెడివి. నేడవి లేవు. బండిక్రింద వ్రేలాడు కందెన గొట్టములును అరుదైనవి. అయినను కందెన అవసరము పోలేదు. పొలములోని ట్రాక్టరునకును, బియ్యపు మిల్లునకును, విశాఖ రేవునుండి బయలుదేరు మహానౌకకును అది కావలసినదే. బండి పరుగును మెచ్చుకొనువారు కందెనను తలపరు. అది కంటికి కనబడక, చక్రపు నడుమ దాగి, తాను అరుగుచు ఇరుసును కాపాడును. కందెన పూయువానిని లోకము అంతకంటెను తలపదు. లోకము చిన్నదని ఎంచి తనకిచ్చిన పనిలోనే పెద్ద ప్రశ్నను చూచి, దానికి బదులు వెదకుటలో ఎలైజా మెకాయ్ తన జీవితమును సార్థకము చేసికొనెను. ఆయనను చిన్నచూపు చూచినవారి పేర్లు నేడెవ్వరికిని తెలియవు. నూనె డబ్బా పట్టిన ఆ చేతుల వెనుకనున్న బుద్ధిని లోకము నేటికిని స్మరించుచున్నది.